మగ్గం అర్రలో కొర్రమట్ట

నా జీవితంలో నేను లోతుగా పరిశోధించిన విషయం ఒక్కటే. మూత లేని అద్దాల పెట్టెలోంచి చేప ఎందుకు బయటికి దూకదు అనేది. దీని మీద బడిలో ఉపన్యాసం ఇచ్చాను, వీధి అరుగుల మీద ఇచ్చాను, ఒకసారి సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం మీద నురగ ఆరిపోతున్నా ఆపకుండా ఇచ్చాను. విన్నవాళ్ళు తలలూపారు. తలలూపేవాళ్ళు దొరికితే నాకు ఆకలి కూడా వేయదు.

ఈ తెగులు నాకు ఆదిలాబాదులో అంటుకుంది. బడిపంతులుగా నా మొదటి ఉద్యోగం అక్కడే. నేను అద్దెకున్న ఇంటి యజమాని అడవి శాఖలో చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన మాటలో మరాఠీ ఎక్కడ ఆగి తెలుగు ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. ఆయన వరండాలో ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో చిటికెన వేలంత ఎర్ర చేపలు, నీళ్ళలోంచి పైకి లేచి గాలిలో ఆకులు విప్పుకున్న ఒక మొక్క. తొట్టికి పైన మూత లేదు. ఎందుకు లేదని అడిగాను. మూతను ఆయన ఝాకణ్ అనేవాడు.

"ఝాకణ్ పెడితే అది డబ్బా అయితది మాస్టరు. ఝాకణ్ లేకుంటేనే అది చెరువు" అన్నాడు.

ఆ మాటకు నేను మైమరచిపోయాను. ఆయన తొట్టిలో నీళ్ళు అంచుకు జానెడు కిందనే ఆగిపోతాయని, ఆ బుల్లి చేపలకు ఎగిరే ఓపిక లేదని నా కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కానీ మంచి మాట ఒకటి చెవిన పడితే కళ్ళు పనిచేయడం మానేస్తాయి నాకు. చిన్నప్పటి నుంచీ అంతే.

తర్వాత సొంత ఊరికి బదిలీ అయింది. మాది మానేరు ఒడ్డున, నేతపని మీద బతికే ఊరు. మా ఇంటి ముందు అర్రలో బాపు గుంట మగ్గం ఉండేది. నాన్నను మేం బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. నేలలో గొయ్యి తవ్వి ఉంటుంది, నేసేవాడు గోతి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించి తొక్కుతాడు. గాలి పొడిబారితే పోగులు తెగుతాయి కాబట్టి బాపు ఆ గుంటలో, చుట్టూ నేల మీద, రోజూ నీళ్ళు చిలకరించేవాడు. మా ఇంట్లో ఆ గుంటలో కాళ్ళు పెట్టని మొదటి మగవాణ్ణి నేను. చదువుకున్నాను, చొక్కా తొడుక్కున్నాను, బడికి పోయాను. బాపు నన్ను తిట్టలేదు. నాతో నేరుగా మాట్లాడటం మాత్రం మానుకున్నాడు. ఏది అడగాలన్నా అవ్వను అడిగేవాడు. నేను పక్కనే కంచం ముందు కూర్చుని ఉండగా, "నీ కొడుకు తిన్నడా?" అనేవాడు. అవ్వ నా వైపు చూసి, ఆయన వైపు చూసి, "తింటున్నడు, కండ్లు లేవా?" అనేది.

ఆ అర్రలో మగ్గానికి ఎదురుగా ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ నా చెరువు వెలిసింది. మిఠాయి దుకాణంలో పాతబడిన అద్దాల పెట్టె ఒకటి, పైతలుపు విరిగిపోయి, అటక మీద పడి ఉంటే తెచ్చాను. సందులన్నిటికీ తారు పూయించాను. మొదటిసారి నీళ్ళు పోస్తే అవి నాలుగు వైపులా కారిపోయాయి. రెండోసారి మూడు వైపులా కారాయి. అభివృద్ధి కనిపిస్తోంది కదా అని పట్టు వదలలేదు. చివరికి నిలిచాయి. నీళ్ళ మీద మాత్రం చాలాకాలం నెయ్యి వాసన వచ్చేది. ఎక్కడెక్కడి చీమలో లడ్డూల మీద ఆశతో వచ్చి, అద్దం చుట్టూ తిరిగి, నిరాశగా వెళ్ళేవి.

ఎర్ర చేపలు మా వైపు ఎక్కడ దొరుకుతాయి? అంగడిలో చేపలమ్మే ఆమె దగ్గరికి పోయాను. ఆమె బకెట్‌లో కొన్ని కొర్రమట్టలు, బురదరంగు వీపులతో, అడుగున కొద్దిపాటి నీళ్ళలో కదులుతున్నాయి. కొర్రమట్టకు పైగాలి పీల్చే అలవాటుంది, అందుకే అది ఎంతసేపైనా ప్రాణంతో ఉంటుంది. ఒకదాన్ని చూపించాను.

"ముక్కలు కొట్టాల్నా సారు?" అంది.

"వద్దమ్మా. పెంచుకుంట."

ఆమె కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "పెంచుకుంటవా? పాలిస్తదా సారు అది?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను, అర్థం కానివాళ్ళను చూసి గొప్పవాళ్ళు నవ్వే నవ్వు.

చేపను పెట్టెలో వేసి, నీళ్ళు అంచుదాకా నింపాను. నిండుగా ఉంటేనే కదా అందం. నా భార్య వచ్చి చూసింది. ఆమె బాసర దగ్గర, గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. "మీద ఏమన్న కప్పుండ్రి. కొర్రమట్ట దుంకుతది" అంది. నేను ఆమెకు డబ్బాకూ చెరువుకూ ఉన్న తేడా వివరించాను. ఆమె చివరిదాకా వినకుండా బియ్యం చెరగడానికి పోయింది.

ఆ కాలంలోనే మా ఊరికి కరెంటు వచ్చింది, దాని వెనకే సాంచెలు వచ్చాయి. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. చెయ్యితో వారమంతా నేసేది అది చూస్తుండగానే నేసిపడేస్తుంది. చేనేత బట్ట అడిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. బాపుకు మోకాళ్ళు పట్టేశాయి. సాయంత్రం గుంటలోంచి కాళ్ళు బయటికి తీయాలంటే రెండు చేతులతో ఒక్కో కాలును ఎత్తి పైన పెట్టుకోవలసి వచ్చేది, అవి వేరే ఎవరివో అయినట్టు. సాంచె అయితే నిలబడి నడుపుకోవచ్చు, గుంట బాధ ఉండదు. బొంబాయి దగ్గర భీవండిలో ఉన్న మా మేనమామ పాత సాంచె ఒకటి చూసిపెట్టాడు. "మిరుగం దాక ఆపుత. అటెన్క ఇంకొకలకు ఇచ్చేస్త" అని కబురు చేశాడు. మృగశిర కార్తెను మా వైపు మిరుగం అంటారు, వానలు మొదలయ్యే రోజు.

సాంచె పెట్టడానికి ఇంట్లో ఉన్న చోటు ఒక్కటే. నా చెరువున్న మూల.

బాపు అవ్వతో అన్నాడు: "నీ కొడుక్కు చెప్పు. గా పెట్టె తియ్యమను."

నేను అవ్వతో అన్నాను: "బాపుకు చెప్పు. గీ ఇంట్ల నాది అనేది గదొక్కటే ఉన్నది."

అవ్వ ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉంది. నేను ఊరుకోక, నాకు బాగా చేతనైన పని చేశాను. ఉపన్యాసం ఇచ్చాను. చెరువు గొప్పదనం చెప్పాను. అడవి శాఖ పెద్దమనిషిని ఉదహరించాను. నమ్మకంతో ఉన్న ప్రాణికి మూత అక్కర్లేదని, నా చేప నా మీద ప్రేమతోనే ఉంటోందని, ఎన్నటికీ బయటికి దూకదని ఆవేశంగా అన్నాను. బాపు మగ్గం ఆపి అంతా విన్నాడు.

"సరే. గా శాప దుంకి బయట వడ్డనాడు పెట్టె బయటికి, సాంచె లోపటికి. అప్పటిదాక నేను అడుగ. గిది వాని మాట, నా మాట" అన్నాడు అవ్వతో.

ఒప్పుకున్నాను. పందెంలో గెలుపు నాదేనని నాకు ఏ అనుమానమూ లేదు.

చలికాలం గడిచింది, ఎండాకాలం వచ్చింది. చేప దూకలేదు. రోజూ పొద్దున నేను లేచి వచ్చేసరికి పెట్టెలో బుద్ధిగా తిరుగుతూ ఉండేది. నా పేరు ఊరంతా పాకింది. మెతుకులు వేసే ముందు సైకిల్ బెల్లు మోగించడం దానికి అలవాటు చేశాను. బెల్లు మోగగానే అది పైకి వచ్చేది. బెల్లు మోగకపోయినా వచ్చేది, గాలి పీల్చుకోవడానికి. ఆ రెండో సంగతి నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మా బడి పెద్దసారు వచ్చి చూసి, పిల్లలకు క్రమశిక్షణ గురించి చెప్పడానికి పనికొస్తుందని అన్నాడు. మెట్‌పల్లి నుంచి సంతకు వచ్చినవాళ్ళు కూడా ఒకసారి తొంగిచూసి పోయారు. నేను పెట్టె పక్కన నిలబడి, "మూత చూశారా? లేదు!" అనేవాణ్ణి. బాపు మగ్గం మీద వంగి దగ్గేవాడు. అది దూది దుమ్ము వల్ల వచ్చే దగ్గు అనుకునేవాణ్ణి.

కొన్ని వింతలు కూడా కనిపెట్టాను. అప్పుడప్పుడు పొద్దున చేప తోక మీద, రెక్కల మీద చిన్న చిన్న నూలుపోగులు, దూది పింజలు అంటుకుని ఉండేవి. ఎంతో ఆలోచించి తేల్చాను: చేప గూడు కట్టుకుంటోంది. నేతవాళ్ళ ఇంట్లో ఉంది కనక, గాలికి ఎగిరివచ్చి నీళ్ళలో పడిన దూదిని పోగుచేసుకుంటోంది. "నేత నేర్చుకుంటున్నది" అని అందరికీ చెప్పాను. ఒకాయన నిజంగానే ముక్కు అద్దానికి ఆనించి గూడు కోసం వెతికాడు. పెట్టె ముందు నేల తడిగా ఉండటం కూడా గమనించాను. బాపు నీళ్ళు చిలకరిస్తాడు కదా, దాంట్లో వింతేముంది?

నా భార్య ఒకరోజు బట్టలు ఉతుకుతూ అడిగింది. "మామ తుండుగుడ్డ దినాం పొద్దుగాల్నే తడిసి ఉంటది. నీసు వాసన వస్తున్నది. ఎందుకంటరు?"

"మొఖం కడుక్కొని తుడుచుకుంటడు" అన్నాను.

"మొఖం నీసు వాసన వస్తదా?"

బాపు మొహం వాసన చూడవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బడిలో ఎంత చెప్పినా లెక్క రాని పిల్లవాణ్ణి నేను అలాగే చూసేవాణ్ణి.

మిరుగం దగ్గరపడింది. ఆ రోజు చేప తినని ఇల్లు మా వైపు ఉండదు. తింటే వానాకాలమంతా దగ్గూ దమ్మూ రావంటారు. ఆ దినం అంగడిలో చేప దొరకడం గగనమైపోతుంది. అవ్వ పెట్టె ముందు నిలబడి నా కొర్రమట్టను కొలతలు తీస్తున్నట్టు చూడటం మొదలుపెట్టింది. "ఇంట్ల ఉండంగ బయట కొనుడేంది?" అంది. నేను బెదిరిపోయి, ముందు రోజే పోయి వేరే చేపలు తెచ్చి ఇచ్చాను. మేనమామ పెట్టిన గడువు బాపుకు గుర్తుండే ఉంటుంది. అడగనని మాట ఇచ్చాడు కనక అడగలేదు.

మిరుగం నాటి తెల్లవారుజామున మొదటి వాన దిగింది. పెంకుల మీద చప్పుడుకు మెలకువ వచ్చింది. మా పడకమీదికి కూడా ఒక ధార పడుతోంది, దాని కింద పెట్టడానికి గిన్నె కోసం లేచాను. ముందు అర్రలో దీపం వెలుగు కనిపించింది. బాపు రోజూ అందరికంటే ముందే లేచి మగ్గం దగ్గరికి పోతాడు కనక ఆశ్చర్యపోలేదు. కానీ మగ్గం చప్పుడు లేదు. తలుపు సందులోంచి చూశాను.

బాపు మగ్గం గుంటలో ఉన్నాడు. కూర్చుని కాదు, లోపలికి దిగి, ఆ మోకాళ్ళ మీద వంగి, అడుగున చీకట్లో చేతులతో తడుముతున్నాడు. దీపం గట్టు మీద పెట్టి ఉంది. "ఏడున్నవే, ఏడున్నవే" అంటున్నాడు. దొరికింది. రెండు చేతుల్లో పట్టుకుని పైకి తెచ్చాడు. నా కొర్రమట్ట. ఒళ్ళంతా దూది అంటుకుని, అప్పుడే ఏకిన పత్తిలో పొర్లినట్టుంది. వానలు మొదలయ్యేటప్పుడు ఆ చేప నీళ్ళు వెతుక్కుంటూ ఎంతైనా ఎగురుతుంది. మామూలు రోజుల్లో కూడా ఎగురుతూనే ఉందని అప్పుడు తెలిసింది. తడి నేల మీద పాకి, తేమగా ఉన్న గుంటలో పడి, బాపు లేచేదాకా బతికి ఉండేది.

గుంటలోంచి బయటికి రావడానికి ఆయనకు చేతులు ఖాళీ లేవు. చేపను తుండుగుడ్డలో చుట్టి గట్టు మీద పెట్టి, ఒక కాలును రెండు చేతులతో ఎత్తి, తర్వాత రెండో కాలును ఎత్తి, పైకి వచ్చాడు. చెంబులో నీళ్ళతో చేపను కడిగాడు. ఒక్కో పోగునూ గోటితో తీశాడు, తెగిన పోగును అతుకు పెట్టేటప్పటి ఓపికతో. తీస్తూ దానితో మాట్లాడాడు. నేను పుట్టినప్పటి నుంచీ ఆయన అంత మెల్లగా ఎవరితోనూ మాట్లాడగా వినలేదు.

"మల్ల దుంకినవా? బుద్ధి లేదా నీకు? వాడు ఊరందరికి చెప్పుకున్నడు, మావోడు పిచ్చోడు. నువ్వు బయట వడ్డవంటె వాన్ని సూసి నవ్వుతరు. జర లోపట ఉండు తల్లీ. నిమ్మలంగ ఉండు."

దాన్ని పెట్టెలో వదిలాడు. నేల తుడిచాడు. మళ్ళీ గుంటలో కాళ్ళు దించుకుని నేయడం మొదలుపెట్టాడు.

నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ చేపను నేల మీదే ఉంచి నన్ను లేపితే చాలు, మొదటి రోజే ఆయన సాంచె ఇంట్లోకి వచ్చేది. అన్నాళ్ళూ ప్రతిసారీ సాంచెను తన చేతులతోనే నీళ్ళలో వదిలేశాడు. అదీ నేను నవ్వులపాలు కాకూడదని. నేను బెల్లు మోగించుకుంటూ, గూడు కథలు చెప్పుకుంటూ తిరిగింది ఈయన ముందా అని సిగ్గుతో నాకు చెవులు మండిపోయాయి. మా పడక అప్పటికి పూర్తిగా తడిసింది.

తెల్లవారాక అంబలి తాగేటప్పుడు అవ్వతో అన్నాను. "బాపుకు చెప్పు. రాత్రి శాప బయట వడ్డది. మాట ప్రకారం పెట్టె తీస్తున్న."

బాపు తల ఎత్తలేదు. "వాని కలల వడ్డదేమో. ఇంట్ల ముందుగాల లేచేది నేను. నాకు కనవడలే" అన్నాడు అవ్వతో.

"నేను జూసిన" అన్నాను.

బాపు చెంబు కింద పెట్టాడు. "ఏం జూసినవురా?" అన్నాడు. అవ్వను అడగలేదు, నన్నే అడిగాడు. అన్నేళ్ళ తర్వాత నేరుగా నాతో అన్న మొదటి మాట అది. నిన్ను చూశాను అందామనుకుని, మాట మార్చాను.

"నేల మీద కొట్టుకుంటుంటె జూసిన. నేనే ఎత్తి లోపటేసిన" అన్నాను.

"నువ్వే ఏసినవా?"

"నేనే."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఆయన తుండుగుడ్డ వైపు చూశాను. ఇద్దరమూ దొరికిపోయాం. అవ్వ, నా భార్య మమ్మల్ని మార్చి మార్చి చూస్తున్నారు.

"అయినా వడలే" అన్నాడు బాపు.

"వడ్డది బాపు."

"వడలే అంటున్న గదరా!"

పందెం ఓడిపోవడం కోసం ఇద్దరు మనుషులు అంత గట్టిగా పోట్లాడటం మా వీధిలో అంతకు ముందు జరిగి ఉండదు. ఆయన అరుస్తుండగానే నేను, నా భార్య కలిసి చేపను బకెట్‌లోకి తీశాం. నీళ్ళు పారబోసి పెట్టెను వెనక కొట్టంలో పెట్టాం. వాన తగ్గాక చేపను ఊరి చెరువులో వదిలివచ్చాను. బెల్లు మోగించలేదు. మేనమామకు తంతి కొట్టాను. అదృష్టం బాగుండి సాంచె ఇంకా అమ్ముడుపోలేదు. లారీ మీద వచ్చి నా మూలలో కూర్చుంది. మోత మొదలైన రోజు ఇల్లంతా అదిరింది. బాపు దాని ముందు నిలబడి నడిపాడు. రెండు కాళ్ళ మీద నిలబడి.

ఇక మిగిలింది ఒక్క పని. ఊరికి నిజం చెప్పడం. ఒక సాయంత్రం నేతవాళ్ళంతా చేరే చాయ్ హోటల్‌కు పోయి, అందరూ వినేటట్టు చెప్పాను. నా చేప దుంకింది. రోజూ దుంకేది. గూడూ లేదు, ప్రేమా లేదు, నాకే తెలియలేదు. అందరూ పడీ పడీ నవ్వుతారని సిద్ధపడి పోయాను, ఆ నవ్వు నాకు రావలసిందే అనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. చాయ్ పోసే ఆయన నా భుజం మీద చెయ్యేశాడు.

"ఊకో సారు. మీ బాపు నిన్ననే గీడ కూసోని అంత చెప్పిండు. 'బంగారమసొంటి శాప, ఒక్కనాడు బయటికి దుంకలే. నా సాంచె కోసం నేనే కొట్లాడి తీపిచ్చిన, పోరడు మస్తు బాధవడ్డడు' అన్నడు. ముసలోడు గింత మొండోడని మాకు తెల్వదు."

"అది కాదన్నా. నిజంగ దుంకింది" అన్నాను.

"మాకు తెల్వదా? బాపును ఎన్కేసుకొస్తున్నవు. మంచి కొడుకువు సారు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ తర్వాత నేను ఎంత చెప్పినా, ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. సాంచె కోసం కొడుకు ముచ్చట చెడగొట్టినవాడని బాపును అనేవాళ్ళు, నా ముందే అనేవాళ్ళు. బాపు బతికినన్నాళ్ళూ ఆ మాట మోశాడు, ఒక్కసారి కూడా నిజం చెప్పి దాన్ని దించుకోలేదు.